నారోబోట్‌లో రాతగది: నాలుగు శరత్కాలాల తర్వాత

లండన్ కాలువల మీద పడవ ఇళ్లంటే చాలామంది వేసవి ఫొటోలు చూసి ముచ్చట పడతారు. పైకప్పు మీద పూలకుండీలు, ఎండకు మెరిసే నీళ్లు. నేను ఈ నారోబోట్, అంటే కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ, కొన్నది ఒక సెప్టెంబరులో. అప్పటి నుంచి నాలుగు శరత్కాలాలు ఇందులోనే ఉన్నాను, ఇందులోనే రాశాను. ఒక కథల సంపుటి పూర్తయింది, నవల సగంలో ఉంది. కాబట్టి ఇక్కడ చెప్పేది ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల సంగతి, అదీ రాసుకునే మనిషికి ఈ పడవ ఎలా ఉంటుందనేది.

పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఇంగ్లండులో చాలా పాత కాలువల మీద లాకులు, అంటే నీళ్లు నింపి, వదిలి పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు, ఏడడుగుల వెడల్పుతోనే కట్టారు. ఈ పడవలు ఇంత సన్నగా ఉండటానికి కారణం అదే. లోపల చెక్క పలకలు బిగించాక మిగిలేది ఆరడుగులు. ముందు పొయ్యి, కుర్చీ, తర్వాత వంటిల్లు, మడత బల్ల, వెనకాల స్నానాలగది, మంచం. బల్ల దగ్గర కూర్చుంటే కిటికీ అవతల నీళ్లు దాదాపు మోచేతి ఎత్తులో ఉన్నట్టుంటాయి. నల్లటి కూట్ పక్షి ఈదుకుంటూ వెళ్తే దాని కన్ను ఎర్రగా ఉండటం కూడా కనిపిస్తుంది.

ఈ పడవలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది పొయ్యి. డెన్మార్కు కంపెనీ మోర్సో చేసే స్క్విరల్, పోత ఇనుముది. పక్క పలక మీద ఉడత బొమ్మ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పొగ రాని బొగ్గు నింపి, గాలి దారి దాదాపు మూసేస్తాను. పొద్దున లేచి బూడిద దులిపి గాలి వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. ఈ మెలకువ చేతికి రావడానికి నాకు మొదటి శరత్కాలమంతా పట్టింది. ఇప్పుడు అక్టోబరులో 20 కిలోల సంచి ఆరు రోజులు వస్తుంది. మధ్యాహ్నం పొయ్యి మీద కందిపప్పు పెడితే సాయంత్రానికి వెన్నలా ఉడుకుతుంది. బయట వాన పడుతూ, గిన్నెలో పప్పు ఉడుకుతూ ఉంటే ఆ రెండు చప్పుళ్ల మధ్య నేను రాసినంత హాయిగా ఏ అద్దె గదిలోనూ రాయలేదు.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. రెండో ఏడాది నవంబరులో పొయ్యి తలుపు చుట్టూ ఉండే తాడు సీలు అరిగిపోయింది, నేను చూసుకోలేదు. రాత్రి మూడింటికి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఆ విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. రెండు తలుపులూ తెరిచిపెట్టి, దుప్పటి కప్పుకుని, తెల్లారేదాకా వెనక డెక్ మీద కూర్చున్నాను. పడవల భద్రతా పరీక్షలో 2019 నుంచి ఈ అలారం తప్పనిసరి. నేను రెండు పెట్టుకున్నాను, మంచం దగ్గర ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి. తాడు ఏటా సెప్టెంబరులో మారుస్తాను.

ఇక కరెంటు. పైకప్పు మీది సోలార్ పలకలు వేసవిలో అన్నిటికీ సరిపోతాయి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక పరిస్థితి మారిపోతుంది. నవంబరు మధ్యకల్లా సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. పలకల నుంచి వచ్చేది ఫ్రిజ్‌కే చాలదు. రోజూ ఇంజన్ వేసి బ్యాటరీలు నింపుకోవాలి. గట్టుకు కట్టేసిన పడవలో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజన్ వేయకూడదు. కొత్త బ్యాటరీలని చెప్పి నాకు అమ్మినవి మొదటి నవంబరులోనే చచ్చిపోయాయి. అమ్మినతను ఫోనెత్తలేదు. మూడు వారాలు లాప్‌టాప్ లేక టెన్షన్ పడి, చివరికి నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. బ్యాటరీలు మార్చాక కూడా మానలేదు. పొద్దున్నే పొయ్యి పక్కన పెన్నుతో రాత, పదింటికి ఇంజన్ వేసి ఆ రెండు గంటల్లో టైపింగ్. కరెంటు తక్కువ, టైము తక్కువ, అందుకని అక్కర్లేని వాక్యం టైపు దాకా రాదు. ప్రశాంతత కోసం పడవ ఎక్కిన నాకు ప్రశాంతత పెద్దగా దొరకలేదు, గట్టు మీద సైకిళ్లు, పరుగులు తీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దొరికింది ఈ పద్ధతి. నా వాక్యం చిన్నదయింది.

నాకు స్థిరమైన రేవు లేదు. 1995 నాటి కాలువల చట్టం ప్రకారం అలాంటి పడవ మామూలుగా ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదు. సెప్టెంబరులో విక్టోరియా పార్కు పక్కన ఉండి, గట్టు మీది బ్లాక్‌బెర్రీలతో పచ్చిమిర్చి వేసి పచ్చడి నూరుకుంటాను. అక్టోబరులో రీజెంట్స్ కాలువ మీద పడమటికి కదులుతాను. దారిలో 878 మీటర్ల ఇస్లింగ్టన్ సొరంగం, తర్వాత కామ్డెన్ లాకులు, రీజెంట్స్ పార్కు దగ్గర మాకిల్స్‌ఫీల్డ్ వంతెన. 1874 అక్టోబరు 2 తెల్లవారుజామున తుపాకిమందు తీసుకెళ్తున్న పడవ ఆ వంతెన కిందే పేలిపోయింది. వంతెన మళ్లీ కట్టినప్పుడు పాత ఇనుప స్తంభాలనే వాడారు, కానీ తిప్పి నిలబెట్టారు. అందుకే పడవలు లాగే గుర్రాల తాళ్లు కోసిన గాడులు స్తంభాలకు రెండు వైపులా కనిపిస్తాయి.

ఆ గాడుల్లో వేలు పెట్టినప్పుడల్లా మా అమ్మమ్మ గుర్తొస్తుంది. కోనసీమలో ఆవిడ అత్తారింటికి వెళ్లింది పడవ మీదే. గట్టు మీద మనుషులు తాడుతో లాగేవారట. లొల్ల లాకుల దగ్గర పడవ ఆగితే నీళ్లు నిండేదాకా దిగి కూర్చునేవాళ్లమని చెప్పేది. ఆవిడ దృష్టిలో లాకులు అచ్చ తెలుగు మాట. ఇక్కడ లాకు తలుపుకు నడుం ఆనించి వెనక్కి నెడుతుంటే నాకూ అలాగే అనిపిస్తుంది.

నవంబరులో, మనవాళ్లు ఎక్కువగా ఉండే పడమటి లండన్ పేట సౌత్‌హాల్ వైపు వెళ్తాను, కూరగాయలు, పప్పులు అక్కడే కొంటాను. ఆకులు బాగా రాలే రోజుల్లో ప్రొపెల్లర్‌కు ఆకులు ముద్దలా పట్టేసి పడవ కదలదు. ఇంజన్ ఆపి, వెనక మూత తీసి, చన్నీళ్లలో చెయ్యి పెట్టి లాగాలి. నిరుడు అక్కడ ఆకులతో పాటు ఒక చీర వచ్చింది, పూర్తి చీర, జరీ అంచుతో సహా. గంటన్నర పట్టింది కోసి తీయడానికి. చేతులు కొంకర్లు పోయాయి, కానీ ఆ చీర ఎవరిదో అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఇప్పుడు రాస్తున్న నవల అందులోంచే వచ్చింది.

మరుగుదొడ్డి డబ్బా మూడు నాలుగు రోజులకోసారి మోసుకెళ్లి ఖాళీ చెయ్యాలి. ట్యాంకు నీళ్లు పొదుపుగా వాడితే నాకు రెండు వారాలు వస్తాయి. వీటికి అలవాటు పడొచ్చు.

అలవాటు పడలేనిది తేమ. ఇనుప గోడకు ఒకవైపు పొయ్యి వేడి, మరోవైపు చల్లటి కాలువ. ఊపిరి, వంట ఆవిరి, ఆరేసిన బట్టలు, అన్నీ నీటిబొట్లై గోడ మీదే దిగుతాయి. మూడో ఏడాది పరుపు అడుగున నల్లగా బూజు పట్టి, అక్కడ దాచిన రెండు పాత నోటుపుస్తకాలు అంటుకుపోయాయి. వాటిలో పేజీలు విడదీయలేకపోయాను. ఇప్పుడు పరుపు కింద గాలి ఆడే చెక్క పట్టీలు వేశాను, వాన పడుతున్నా ఒక కిటికీ ఓరగా తీసే ఉంచుతాను, రాతప్రతులు పొయ్యి ఉన్న గదిలో పై అరలో పెడతాను.

కొనాలనుకుంటే జూన్‌లో చూసి డబ్బులు కట్టకండి. నవంబరులో, వాన పడుతున్న రోజున వెళ్లండి. సర్వే చేసేవారిని పిలిపించండి, పొయ్యి వెలిగించమని అడగండి, బ్యాటరీలు ఎప్పుడు కొన్నారో బిల్లు చూపించమనండి. తర్వాత వెనక గదిలోకి వెళ్లి, పరుపు ఎత్తి, కింద చెయ్యి పెట్టి చూడండి.