వరంగల్ సభకు కారా, రైలా, ఊరి బస్సా?

వరంగల్‌లో పెద్ద సభ ఉందనగానే హైదరాబాద్‌లో మొదలయ్యే ప్రశ్న ఇది. ఎలాగూ అంత దూరం పోతున్నాం, కోట, రామప్ప చూసొద్దాం, మరి దేంట్లో పోదాం? పార్టీ ఏదైనా జవాబు మారదు. పోవడం ఎలాగైనా పోతాం. తేల్చుకోవాల్సింది సభ ముగిశాక ఎలా బయటపడతామన్నదే.

ఉప్పల్ నుంచి హన్మకొండకు మామూలు రోజు మూడు గంటల ప్రయాణం. సభ రాత్రి మైదానం నుంచి హైవే ఎక్కడానికే అంత పట్టొచ్చు. దానికి కారణం ఊళ్ల నుంచి జనాన్ని తెచ్చే బస్సులు. ఊరివాళ్లలో ఆఖరి మనిషి ఎక్కేదాకా ఏ బస్సూ కదలదు. రోడ్డులో ఒక వరస ఆగిన బస్సులకే పోతుంది, మిగిలిన వరసలోకి కార్లు రెండువైపుల నుంచీ దూరతాయి. ఇక ఎవరూ కదలలేరు.

ఊరి బస్సులో కిరాయి ఉండదు, పులిహోర పొట్లం, నీళ్లు పార్టీవాళ్లే ఇస్తారు. కానీ చూసేది సభ ఒక్కటే. బైకు మీద రాత్రిపూట, ఆ బస్సుల మధ్య 140 కిలోమీటర్లా? వద్దు.

రైలును తీసిపారేయలేం. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు సుమారు రెండు గంటలు. 2022 మే రైతు సభ, 2023 జులైలో ప్రధాని సభ జరిగిన ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటి చోటైతే కాజీపేట స్టేషన్ నుంచి గంట నడక. ఆ పూట ఆటోలు దగ్గరిదాకా రానివ్వరు కాబట్టి నడకే లెక్క వేసుకోవాలి. దిగేది వరంగల్‌లో, తిరిగి ఎక్కేది కాజీపేటలో పెట్టుకుంటే మంచిది. కోట వరంగల్ స్టేషన్‌కు దగ్గర. తోరణాలు చూసుకుని, భద్రకాళి గుడి, వేయిస్తంభాల గుడి మీదుగా హన్మకొండ వైపు వచ్చేస్తే వెనక్కి తిరిగే పని ఉండదు. సభ రాత్రే జనరల్ బోగీ ఎక్కుదామనుకుంటే మాత్రం తప్పు. ఆ బండ్లు దూరం నుంచి నిండి వస్తాయి. మర్నాటి పగటి బండికి సీటు ముందే రిజర్వు చేసుకోవాలి.

రైలులో పోతే వదులుకోవాల్సింది రామప్ప. హన్మకొండ నుంచి ములుగు దారిలో 65 కిలోమీటర్లకు పైనే. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. బస్సులు మారి ఆ గుడి ఉన్న పాలంపేట చేరి రావడానికే పూటంతా పడుతుంది. రామప్ప చూడాలంటే కారే.

అందుకే మొగ్గు కారుకే, కానీ దాన్ని సభకు తీసుకుపోకూడదు. సభ ఆదివారమైతే శనివారం తెల్లవారుజామునే బయల్దేరి రామప్ప చూసి రాత్రికి హన్మకొండ చేరాలి. లాడ్జి గది సభ తేదీ ప్రకటించిన రోజే పట్టుకోవాలి, ఆఖరి వారంలో దొరకదు. ఆదివారం పొద్దున కోట చూసి, మధ్యాహ్నం దారులు మూసేలోపు కారు లాడ్జిలో పెట్టి నడిచి పోవాలి. తిరుగు ప్రయాణం సోమవారం తెల్లవారి నాలుగున్నరకు. ఎనిమిదిలోపు ఉప్పల్.

సభ ఊరి బయటైతే ఈ పథకం పనికిరాదు. 2025 ఏప్రిల్ 27న బీఆర్‌ఎస్ సభ ఎల్కతుర్తిలో జరిగింది, హన్మకొండ నుంచి 20 కిలోమీటర్లకు పైనే, నడవలేం. ఇలాంటి చోట పోలీసులు ఏ దారిన వచ్చినవాళ్లకు ఆ దారి పక్కనే పార్కింగ్ ఇస్తారు, పోయేటప్పుడూ అటే పంపుతారు. కాబట్టి ముందు తిరిగి పోయే దారి తేల్చుకుని, అదే దారిన రావాలి. ఎల్కతుర్తికైతే హైదరాబాద్‌వాళ్లు హన్మకొండ మీదుగా రాకుండా సిద్దిపేట, హుస్నాబాద్ దారి పట్టడం మేలు. రాత్రి అటే తిరిగి హైదరాబాద్ పోయే రాజీవ్ రహదారి ఎక్కేయొచ్చు. వరంగల్ చూడటం ముందురోజే ముగించుకుని, సభ రోజు ఎల్కతుర్తిని చుట్టి హుస్నాబాద్ దారివైపు చేరాలి.

పార్కింగ్ అంటే చదును చేసిన చేనే. నల్లరేగడైతే ఒక్క వాన చాలు, చక్రం దిగబడుతుంది. గట్టు పక్కన, వరస చివర, ముందుభాగం బయటికి తిప్పి పెట్టాలి. మధ్య వరసలో పెడితే వెనక కారు డ్రైవరు వచ్చేదాకా కదలలేరు. గుర్తుకు జెండా, ఫ్లెక్సీ పనికిరావు, ఎటు చూసినా అవే; కరెంటు స్తంభం నంబరు ఫోటో తీసుకోవాలి. వేలమంది ఒకచోట చేరాక ఫోన్ కలవదు, అందుకే కలుసుకునే చోటు, వేళ ముందే అనుకోవాలి. ప్రధాని స్థాయి సభల్లో నీళ్ల సీసాలు, సంచులు, నల్లబట్టలు గేటు దగ్గరే ఆపేస్తుంటారు. డీజిల్ జనగామలో నింపుకోండి, ఫాస్టాగ్‌లో రెండు టోల్‌గేట్లకు రానుపోను సరిపడా డబ్బు వేసుకోండి.

ప్రధాన నాయకుడి ప్రసంగం ముగియడానికి పావుగంట ముందే లేవాలి. లేదంటే సభ అయ్యాక గంటన్నర అక్కడే కూర్చుని, పక్క బండి మీద మిర్చి బజ్జీ తిని, బస్సులు పోయాక కదలాలి. ఈ రెంటి మధ్యలో లేచినవాళ్లే రోడ్డు మీద ఇరుక్కుంటారు.