4కె తెర మీద పేజ్‌మేకర్, ఫొటోషాప్ సీఎస్6: పర్లాకిమిడి డీటీపీ షాపులో ఏళ్ల వాడకం తర్వాత

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, దినకర్మ కార్డులు మా రోజువారీ పని. నౌపడా–గుణుపురం రైలు లైను పొడవునా ఉన్న ఊళ్ల నుంచి పనులు వస్తాయి. సరిహద్దు అవతల పాతపట్నం వాళ్లూ వస్తారు, ఇవతల కాశీనగర్ వాళ్లూ వస్తారు. కార్డుకు ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా వేయించుకోవడం ఇక్కడ మామూలే. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు, పేజీ కట్టడానికి పేజ్‌మేకర్ 7.0, ఫొటోలకు ఫొటోషాప్ సీఎస్6 వాడతాం. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, సీఎస్6 వచ్చింది 2012లో. ఈ పాతవాటిని 15.6 అంగుళాల 4కె లాప్‌టాప్ మీద ఏళ్లుగా నడుపుతున్నాను. ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది మాలాంటి షాపులవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పాత సాఫ్ట్‌వేర్ వదిలేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అంటారు. మా దగ్గర ఏళ్లనాటి ఫైళ్లున్నాయి. తండ్రి పెళ్లికి కార్డు వేయించుకున్న ఇంటివాళ్లే ఇప్పుడు కొడుకు పెళ్లికి వచ్చి "అదే డిజైను కావాలి" అంటారు. ఆ అక్షరాలన్నీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర పద్ధతి) రాకముందు నాటి ఫాంట్లలో ఉన్నాయి. వాటిని మార్చుకుంటూ కూర్చుంటే సీజన్ దాటిపోతుంది. కాబట్టి పాతవాటిని కొత్త తెర మీద నడిపించుకోవాల్సిందే.

ముందు లెక్క చూద్దాం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 పిక్సెళ్లు ఉంటాయి. 15.6 అంగుళాల 4కె తెరలో 282 ఉంటాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో మెనూ అక్షరం ఎత్తు 12 పిక్సెళ్లు అనుకుందాం. పాత మానిటర్ మీద అది 3.3 మిల్లీమీటర్లు ఉండేది, ఈ లాప్‌టాప్ మీద ఒక మిల్లీమీటరు పైచిలుకు. 16 పిక్సెళ్ల టూల్ బొమ్మ ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. సీఎస్6లో క్లోన్ స్టాంప్ ఏదో, హీలింగ్ బ్రష్ ఏదో కళ్లు చికిలించి వెతుక్కోవాలి. రోజంతా ఆ పని చేస్తే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. విండోస్‌లో స్కేలింగ్ (అన్నిటినీ పెంచి చూపించే సెట్టింగు) 200 శాతం పెట్టి ఉన్నా ఇదే పరిస్థితి. దాంతో చాలామంది తెరలోనే లోపం ఉందనుకుని షాపుకి పట్టుకెళ్తారు. తెరలో లోపమేమీ లేదు.

విండోస్‌కు 96 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) అంటే 100 శాతం. 200 శాతం పెడితే 192 అవుతుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడే "డీపీఐ సంగతి నేను చూసుకుంటాను" అని విండోస్‌కు చెప్పుకోగలదు. అలా చెప్పినదాని జోలికి విండోస్ వెళ్లదు. చెప్పనిదాన్ని మాత్రం విండోస్ తానే పెంచి చూపిస్తుంది. ఫొటోషాప్ సీఎస్6 చూసుకుంటానని చెబుతుంది, కానీ దాని టూల్ బొమ్మలకు పెరగడం తెలియదు. అందుకే అది చీమంత కనబడుతుంది. పేజ్‌మేకర్ అలాంటి మాటేమీ చెప్పదు. దాని కాలంలో ఇలాంటి తెరలే లేవు. అందుకని విండోస్ దాన్ని 96 డీపీఐలోనే గీయించి, వచ్చిన బొమ్మను రెండింతలు లాగుతుంది. సైజు సరిపోతుంది గానీ, పాస్‌పోర్ట్ ఫొటోను ఫ్లెక్సీకి పెంచినట్టు అక్షరం అలికినట్టు అవుతుంది. ఒకటి చిన్నదైపోయే జబ్బు, ఇంకొకటి మసకబారే జబ్బు. రెంటికీ మందు ఒకే చోట ఉంది గానీ మోతాదు వేరు. ఈ తేడా తెలియక ఒకదాని మందు ఇంకొకదానికి వేసి, పనిచేయలేదని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఆ చోటు ఇది. సాఫ్ట్‌వేర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లాలి. అందులో కంపాటిబిలిటీ ట్యాబ్, దాని కింద 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' బటన్. తెరుచుకున్న పెట్టెలో అడుగున 'ఓవర్‌రైడ్ హై డీపీఐ స్కేలింగ్ బిహేవియర్' అని ఉంటుంది. దానికి టిక్ పెడితే కింద మూడు ఎంపికలు వస్తాయి: అప్లికేషన్, సిస్టమ్, సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్. సెట్ చేశాక సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవాలి. ఈ మూడోది 2017 ఏప్రిల్‌లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వచ్చింది. విండోస్ 11లోనూ అలాగే ఉంది. పైసా ఖర్చు లేదు.

పేజ్‌మేకర్‌కు నేను పెట్టింది సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్. ఇందులో విండోస్ తయారైన బొమ్మను లాగదు. అక్షరాలు, గీతలు గీయమని పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆదేశాలనే పట్టుకుని, వాటిని పెద్ద సైజులో కొత్తగా గీస్తుంది. తెలుగు కంపోజింగ్ చేసేవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. మాకు ప్రూఫ్ చూసిపెట్టే రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరున్నారు. అంతకుముందు ఆయన తెర ముందు కూర్చుని, "బాబూ, పెళ్లికొడుకు తాతగారి పేరులో థ కడుపులో చుక్క ఉందా లేదా? నాకు మసగ్గా ఉంది" అనేవారు. దశరథ అన్న పేరులో ఆ చుక్క లేకపోతే అది ధ అయిపోతుంది. "ఉందండి మాస్టారూ, జూమ్ చేస్తాను" అని ప్రతి పేరుకూ పెంచి చూపించాల్సి వచ్చేది. జ్యేష్ఠ మాసంలో ముహూర్తమైతే ఠ ఒత్తుతో ఇదే తంటా. ఎన్‌హాన్స్‌డ్ పెట్టాక 100 శాతం వ్యూలోనే చుక్క చుక్కలా, ఒత్తు ఒత్తులా కనబడింది. ప్రాణం లేచొచ్చింది. మాస్టారు ఇప్పుడు కార్డు మొత్తం తెర మీదే చదివేస్తారు, ప్రూఫ్ కాగితాలు బాగా తగ్గాయి.

ఒడియా వైపు ఈ లాభం ఇంకా ఎక్కువ. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన ఒకే రకం గుండ్రటి వంపు ఉంటుంది. ఏ అక్షరమో తేల్చేది కింద ఉన్న చిన్న భాగమే. మసకబారినప్పుడు ముందు పోయేది ఆ భాగమే, మిగిలేది వరసగా వంపులు. నాకు ఒడియా చదవడం వచ్చు గానీ తెలుగంత వేగం లేదు. అలాంటివాడికి తెర స్పష్టంగా ఉండటం ఎంత అవసరమో పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

దీనికి పరిమితులున్నాయి. పేజీలో పెట్టిన ఫొటోలు, వినాయకుడి బొమ్మలు పదునెక్కవు. అవి పిక్సెళ్లు, గీసే ఆదేశాలు కావు. గైడ్ లైను జరిపినప్పుడు అప్పుడప్పుడు వెనక సన్నటి చార మిగులుతుంది, జూమ్ మారిస్తే పోతుంది. ప్రింటుకు వీటితో సంబంధం లేదు. ప్లేటుకు వెళ్లే ఫైల్లో ఏ తేడా రాదు. తెలుగు టైపింగ్ కోసం నడిపే స్క్రిప్ట్ మేనేజర్ వేరే ప్రోగ్రాం కాబట్టి దాని కిటికీకి సెట్టింగు విడిగా పెట్టుకోవాలి.

ఫొటోషాప్ సీఎస్6కు ఎన్‌హాన్స్‌డ్ వద్దు, సిస్టమ్ పెట్టండి. టూల్ బొమ్మలు, ప్యానెళ్లు అన్నీ చేతికందే సైజుకు వస్తాయి. కాస్త మసక ఉంటుంది, అలవాటైపోతుంది. ఈ సదుపాయం లేని రోజుల్లో రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఒక విలువ చేర్చి, ఫొటోషాప్ పక్కన మానిఫెస్ట్ ఫైలు పెట్టి ఇదే పని చేసేవాళ్లు. ఇప్పుడు ఆ అవసరం లేదు, ఎక్కడైనా పాత సలహా కనబడితే వదిలేయండి.

అయితే ఫొటో పని చేసేవాళ్లు ఒక విషయం తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. సిస్టమ్ పెట్టినప్పుడు మెనూలతో పాటు మీ ఫొటో కూడా లాగబడుతుంది. స్కేలింగ్ 200 శాతం అయితే, ఫొటోషాప్‌లో 100 శాతం వ్యూ అని రాసి ఉన్నా ఫొటోలోని ఒక్కో పిక్సెల్ తెర మీద నాలుగు పిక్సెళ్ల చోటులో పరుచుకుంటుంది. మొహం మెత్తగా కనబడి, షార్పెన్ ఎక్కువ కొట్టాలనిపిస్తుంది. అలా కొట్టిన ఫొటో ప్రింటులో గరుకుగా వస్తుంది, పెళ్లికూతురి మొహం మీద అది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకే షార్పెన్ విషయం ఫొటోషాప్ కిటికీ చూసి తేల్చను. జేపెగ్ సేవ్ చేసి, విండోస్ ఫొటోస్‌లో తెరిచి చూస్తాను, లేదా చిన్న ముక్క ప్రింటు తీస్తాను. రంగుల విషయంలో మాత్రం ఈ బెడద లేదు. కొత్త ఫొటోషాప్ కొనగలిగితే ఈ గొడవే ఉండదు. 2014 నాటి సీసీ వెర్షన్ నుంచే 200 శాతం పెంచుకునే వీలు ప్రయోగాత్మకంగా మొదలైంది, తర్వాతి వెర్షన్లలో అది కుదురుకుంది.

షాపులో డిజిటల్ సంతకం ఫారాలు, టెండర్ల పని కూడా చేస్తాం. ఆ ఆఫ్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని జావా 8 మీద నడుస్తాయి. జావా 8 కూడా సీఎస్6 బాపతే: చూసుకుంటానంటుంది, చూసుకోదు. జావాలో విండోస్‌కు ఈ పని సరిగ్గా జరిగింది 2017లో జావా 9 వచ్చాక. ఈ ఫారం ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే కంపాటిబిలిటీ ట్యాబే కనబడదు, ఎందుకంటే అది ఈఎక్స్‌ఈ కాదు, జార్ ఫైలు. జావా ఫోల్డర్‌లోని బిన్‌లో ఉండే జావాడబ్ల్యూ ఈఎక్స్‌ఈకి సిస్టమ్ పెట్టాలి. జావా అప్‌డేట్ అయినప్పుడు కొత్త ఫోల్డర్ తయారైతే సెట్టింగు పాత ఫోల్డర్‌తోనే పోతుంది. చివరి తేదీ నాడు ఫారం ఒక్కసారిగా చీమంత అయిపోతే టెన్షన్ పడకండి, కొత్త ఫోల్డర్‌లో మళ్లీ పెట్టుకుంటే సరి.

తెర రిజల్యూషన్‌నే 1920×1080కి తగ్గించడం చాలా షాపుల్లో చూస్తాను. నాకు నచ్చదు. 4కె దానికి సరిగ్గా రెట్టింపే అయినా, మామూలుగా తెరగానీ గ్రాఫిక్స్ కార్డుగానీ పిక్సెళ్లను నున్నగా కలిపేస్తుంది, దాంతో అన్నీ ఒకేసారి మసకబారతాయి. అంత డబ్బు పెట్టి కొన్న తెరలో నాలుగో వంతు పిక్సెళ్లతో సరిపెట్టుకోవడం నాకు మనసొప్పదు. ఎన్విడియా ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డుల్లో 2019 నుంచి ఇంటిజర్ స్కేలింగ్ (పిక్సెళ్లను కలపకుండా పూర్తి రెట్లలో పెంచడం) ఉంది. అది ఉన్నవాళ్లకు తగ్గించినా అంచులు కరగవు. విండోస్ సెట్టింగ్స్‌లో మసకను సరిచేస్తానని చెప్పే స్విచ్ ఒకటుంది. అది మసక కోసమే, చీమంత మెనూలను పెంచదు. ఒక్క నిమిషం పనికి మాత్రం మాగ్నిఫయర్ మేలు: విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే తెర పెరుగుతుంది, విండోస్ కీ, ఎస్కేప్ కలిపి నొక్కితే మామూలవుతుంది.

ఏ సెట్టింగుకూ లొంగని సాఫ్ట్‌వేర్‌లు కూడా ఉంటాయి. మా దగ్గర ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అలాంటిదే, సిస్టమ్ పెడితే డైలాగ్ పెట్టెలో ఓకే బటన్ అంచు దాటిపోతుంది. దాన్ని పాత 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు కేటాయించాను. ఆ మానిటర్‌ను మెయిన్ డిస్‌ప్లే చేసి, 100 శాతంలో ఉంచి, సైన్ అవుట్ అయి మళ్లీ సైన్ ఇన్ అయితే పాతవి దాని లెక్క ప్రకారం తెరుచుకుంటాయి. పాత మానిటర్‌ను అమ్మేయకండి, దానికి వచ్చే డబ్బు కంటే అది చేసే సాయం ఎక్కువ.

కొత్తగా కొనేవాళ్లు నా మాట వింటే, పని అంతా పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌ల మీదే అయితే 15 అంగుళాల లాప్‌టాప్‌లో 4కె తీసుకోవద్దు, ఫుల్ హెచ్‌డీ చాలు. 4కె కావాలంటే 27 అంగుళాల మానిటర్ తీసుకోండి. అందులో అంగుళానికి 163 పిక్సెళ్లే కాబట్టి 150 శాతం స్కేలింగ్‌తో గడిచిపోతుంది. నేను ఈ లాప్‌టాప్ ఉంచుకోవడానికి కారణం ఒక్కటే, ఎన్‌హాన్స్‌డ్‌లో తెలుగు ఒత్తులు ఇంత స్పష్టంగా నాకు ఇంకే తెర మీదా కనబడలేదు.

ఈ సెట్టింగులు యూజర్ ఖాతాను బట్టి ఉంటాయి. షాపులో కుర్రాడికి వేరే లాగిన్ ఉంటే అతని ఖాతాలో మళ్లీ పెట్టాలి, లేదా కంపాటిబిలిటీ ట్యాబ్‌లో అందరు యూజర్లకు మార్చే బటన్ నొక్కి పెట్టాలి. ఒక్క ఖాతాకు పెట్టుకున్నవి రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద యాప్‌కంపాట్‌ఫ్లాగ్స్ అన్న చోట, లేయర్స్ అనే కీలో సాఫ్ట్‌వేర్ ఉన్న దారి పేరుతో సహా నిల్వ ఉంటాయి. సిస్టమ్ ఫార్మాట్ చేసే ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లను అవే ఫోల్డర్లలో వేసి, ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే అన్నీ ఎప్పటిలా తెరుచుకుంటాయి.