పట్నమా, పాలమూరా: ఉండడానికి ఏది మేలు?

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ఉన్నది 39 లక్షల పైచిలుకు జనం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే మన పాలమూరులో, 40 లక్షలు దాటారు. అంటే జనంలో మనమే కాస్త ఎక్కువ! కాకపోతే వాళ్లంతా 217 చదరపు కిలోమీటర్లలో సర్దుకున్నారు, మనం 18 వేలకు పైగా చదరపు కిలోమీటర్లలో చెదిరి ఉన్నాం. చదరపు కిలోమీటరుకు అక్కడ 18 వేల మంది, ఇక్కడ 220 మంది. ఉమ్మడి నల్లగొండలోనూ 245 మందే.

ఇది చూసి ఊరే హాయి అనేయకండి. జనం పలచగా ఉన్నచోట బస్సు నిండదు, నిండని బస్సుకు ట్రిప్పులు పెంచరు. డాక్టరూ అంతే. అమ్రాబాద్ అవతల నల్లమల అడవిలో చెంచు గిరిజనుల పెంటల్లో (చిన్న గూడేల్లో) అర్ధరాత్రి నొప్పులొస్తే ఆ ఇంటివాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి. పట్నంలో ఇరుకు ఉంది, కానీ ఆటో ఉంది, ఆస్పత్రి ఉంది, పని ఉంది. పాలమూరు కూలీలు తరాలుగా అక్కడికి పోయింది ఆ పని కోసమే.

నీళ్ల సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి అయి, చాలా దూరం పైపుల్లో వెళ్తాయి. అదే జిల్లాలో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకర్లు పోయిన మర్రిగూడ జనం మాత్రం మంచినీళ్ల కోసం ఏళ్ల తరబడి మొరపెట్టుకోవాల్సి వచ్చింది. జనం కుప్పపడిన చోటికి నీళ్లూ నిధులూ ముందు చేరతాయి. చెదిరి ఉన్నవాళ్ల గొంతు అంత దూరం వినపడదు.

పట్నంలోనూ ఆ 18 వేల లెక్క అందరికీ ఒక్కటి కాదు. జూబ్లీహిల్స్‌లో ఇంటి చుట్టూ చెట్లుంటాయి, పాతబస్తీ గల్లీల్లో ఒకే గదిలో కుటుంబమంతా సర్దుకునే ఇళ్లున్నాయి. తక్కువ జీతంతో పోయేవాళ్లకు దొరికేది రెండోదే.

పని నేర్చుకునే వయసులో ఉంటే పట్నమే మేలు. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికైతే నేను మహబూబ్‌నగర్, నల్లగొండ లాంటి టౌన్లకే ఓటేస్తాను. రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, యూనివర్సిటీ ఉంది. హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే కాబట్టి, పెద్ద జబ్బు చేసినా రెండు మూడు గంటల్లో చేరుకోవచ్చు. టౌన్‌లో ఇల్లు చూసేటప్పుడు అద్దె ఒక్కటే అడక్కండి, రాత్రిపూట అక్కడికి ఆటో వస్తుందా అని కూడా అడగండి.