బైపాస్ తర్వాత కిడ్నీకి దెబ్బ: క్రియాటినిన్, ఎన్‌గాల్, నెఫ్రోచెక్‌లలో ఏది మేలు?

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి గుండె ఆపరేషన్లకు చెన్నై వచ్చే మనవాళ్లు చాలామంది. మొన్న ఐసీయూ బయట ఒకబ్బాయి ఆపాడు. "సార్, నాయనకి క్రియాటినిన్ 1.0 అంట. కిడ్నీలు బాగున్నట్టే గదా?" బైపాస్ అయి ఆరు గంటలే. "ఆ అంకె ఇంకా నిన్నటి సంగతే చెబుతోందబ్బాయ్" అన్నాను.

క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని బయటికి పంపాలి. దాంతో తంటా అదే. కిడ్నీ దెబ్బతిన్నాక అది రక్తంలో పేరుకోవాలి, అప్పుడు గానీ అంకె కదలదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. ఎక్కించిన సెలైన్లు దాన్ని ఇంకా పలచన చేస్తాయి. కండ లేని ముసలివాళ్లకు మొదట్నించీ తక్కువే. 48 గంటల్లో 0.3 పెరిగితే దెబ్బ తగిలినట్టేనని 2012 నాటి కెడిగో (కిడ్నీ వైద్యానికి ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ) లెక్క.

ఎన్‌గాల్ అనేది కిడ్నీ కణాలు దెబ్బతింటే మూత్రంలో, రక్తంలో పెరిగే ప్రొటీన్. ఇది తొందరపాటు మనిషి లాంటిది. 2005లో గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల్లో చూస్తే, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో 2 గంటలకే పెరిగింది. పెద్దవాళ్ల దగ్గర అంత నమ్మకం లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, పాత కిడ్నీ జబ్బు ఉన్నా పెరుగుతుంది. మా దగ్గరికొచ్చే షుగరు పేషెంట్లలో కిడ్నీలు చెక్కుచెదరనివాళ్లు ఎందరని?

నెఫ్రోచెక్ మూత్రంలో రెండు ప్రొటీన్లను కొలుస్తుంది. కణాలు చావకముందే, ఒత్తిడిలో ఉండగానే పసిగడుతుంది. 2014లో అమెరికా అనుమతిచ్చింది. ఈ పరీక్ష అంకె 0.3 దాటితే జాగ్రత్తపడాలి. 2017 నాటి జర్మనీ ట్రయల్‌లో ఇలా ముప్పు తేలిన 276 మందిని రెండు జట్లు చేశారు. బీపీ, ద్రవాలు, షుగరు, మందుల విషయంలో గట్టిగా కనిపెట్టుకున్న జట్టులో కిడ్నీ దెబ్బ 55.1 శాతం, రెండో జట్టులో 71.7. డయాలసిస్ అవసరం మాత్రం తగ్గలేదు.

కాబట్టి ఫలితం గంటల్లో చేతికొచ్చి, దాన్ని చూసి వైద్యం మార్చే ఐసీయూ అయితే నెఫ్రోచెక్ మేలు. రిపోర్టు మర్నాడు వచ్చేట్టయితే ఆ డబ్బు దండగ. నేనైతే ముందు యూరిన్ బ్యాగు చూస్తాను. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కన్నా తక్కువగా ఆరు గంటలు వస్తే అదీ కెడిగో లెక్కలో దెబ్బే. అప్పుడు ఒంట్లో నీరు సరిపడా ఉంటే, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే లాసిక్స్ మందు కిలోకి 1 మి.గ్రా. ఇచ్చి చూస్తాం. రెండు గంటల్లో 200 మి.లీ. మూత్రం రాకపోతే దెబ్బ ముదిరే ముప్పు ఎక్కువ.

ఆ రాత్రి ఆ పెద్దాయన సంచిలోకి గంటకు 20 వచ్చింది. కిడ్నీకి చేటు చేసే నొప్పి ఇంజెక్షన్ ఆపాం, బీపీ కాస్త పెంచాం. తెల్లారి క్రియాటినిన్ 1.1. ఆ మర్నాటి పొద్దుటికి 1.4.