దోమకు రంగు చూడాలా, కాలు చూడాలా, కోసి చూడాలా?

వానాకాలం వరి పొట్టకొచ్చిందంటే చాలు, నా ఫోన్‌కు వరి రసం పీల్చే దోమ ఫోటోలు మొదలవుతాయి. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నుంచే ఎక్కువ. "సార్, ఇది సుడిదోమనా, తెల్లవీపు దోమనా?" అని రైతులు అడుగుతారు. అగ్రికల్చర్ చదివే పిల్లలైతే అసలు దేన్ని చూసి పేరు పెట్టడం మేలని అడుగుతున్నారు.

మందు కొట్టాలా వద్దా అన్నంత వరకే అయితే రంగు చాలు. రెక్కల మొదళ్ల మధ్య వీపు మీద తెల్లటి పట్టీ ఉంటే తెల్లవీపు దోమ, ఒళ్లంతా గోధుమ రంగైతే సుడిదోమ. రెక్క మీది నల్లచుక్కను మాత్రం నమ్మకండి, రెండింటికీ ఉంటుంది. అయితే అప్పుడే కుబుసం విడిచిన దోమ పాలిపోయి ఉంటుంది, ఇక ఆల్కహాల్‌లో ఏళ్ల తరబడి నానిందయితే అన్నీ టీ నీళ్ల రంగే. ఓ పాత సీసాలో సగం దోమలకు నేను రంగు చూసి పేర్లు రాసి, తర్వాత మైక్రోస్కోప్ కింద పెట్టి ఆ చీటీలన్నీ చించుకున్నాను.

కాలు అంతకంటే నయం. సుడిదోమ చెందిన ప్రజాతి (జీనస్) నీలపర్వతకు వెనక పాదం మొదటి కణుపు పక్కన చిన్న ముళ్లుంటాయి, తెల్లవీపు దోమకు ఉండవు. రంగు పోయినా, ఆడదైనా ఇది పనికొస్తుంది. కాకపోతే దీపపు ఎరలో పడ్డవాటికి కాళ్లు మిగిలితే కదా! పైగా కాల్వ గట్ల మీది లీర్సియా గడ్డిని తినే నీలపర్వత బేకరి అనే మరో దోమకూ అవే ముళ్లు, అక్కడ కాలు చేతులెత్తేస్తుంది.

అందుకే నా ఓటు మగపురుగు జననాంగానికే. పొట్ట చివరి భాగం విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే కండ కరిగి గట్టి పెంకు మిగులుతుంది, దాన్ని కడిగి గ్లిసరిన్‌లో తిప్పి తిప్పి చూడాలి. పరామీర్లు అనే రెండు కొక్కేల ఆకారం సుడిదోమకు ఒకలా, బేకరికి ఇంకోలా ఉంటుంది. తెల్లవీపు దోమకైతే వాటి కొసలు పంగలకర్రలా చీలి ఉంటాయి. దాని శాస్త్రీయ నామం సొగటెల్లా ఫర్సిఫెరా, ఫర్సిఫెరా అంటే లాటిన్‌లో పంగ మోసేది అని అర్థం. సుడిదోమకు స్వీడన్ కీటక శాస్త్రవేత్త స్టోల్ 1854లో పేరు పెట్టాడు. అంత పాత మ్యూజియం నమూనాలతో పోల్చడానికి మనకు మిగిలేది ఈ గట్టి భాగాలే, రంగు కాదు. చూశాక ఆ ముక్కను పారేయకుండా చిన్న గొట్టంలో గ్లిసరిన్ పోసి, అదే దోమ గుచ్చిన సూదికి కింద తగిలించండి. అది విడిపోతే రేపు మీ పేరు తప్పో ఒప్పో తేల్చడానికి ఎవరికీ దారుండదు.

ఆడవాటికి ఈ దారి పనికిరాదు, ఒప్పుకుంటాను. వాటిని అదే దుబ్బు మీద దొరికిన మగవాటితో కలిపి ఉంచి, చీటీ మీద ప్రజాతి పేరు వరకే రాస్తాను.

డీఎన్‌ఏ అంటారా, డబ్బులుంటే చేయించండి, కానీ మీరు పోల్చుకునే సీక్వెన్స్‌కు మొదట పేరు పెట్టినవాళ్లూ దోమను చూసే పెట్టి ఉండాలి.

కాబట్టి ఈసారి ఫోటో కాదు, నాలుగైదు మగ దోమలను ఆల్కహాల్‌లో వేసి పంపండి. సీసాలోనే పెన్సిల్‌తో రాసిన చీటీ ఉండాలి: ఊరు, తేదీ, వరి మీద పట్టారా, గట్టు గడ్డి మీద పట్టారా. పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో కడుక్కుపోతుంది.