నవంబరులో శేషాచలం, ఫాల్గుణంలో తుంబురు కోన

"వానలు దసరాకే అయిపోయాయి కదా బావా" అన్నాడు మా బావమరిది, హైదరాబాదు నుంచి ఫోనులో. నేను తిరుపతిలోనే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. కాదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ మొహమాటం ఖరీదు 9,600 రూపాయలు. కారు ఖర్చు వేరు.

మా వైపు వానల లెక్క వేరు. హైదరాబాదులో జూన్‌లో మొదలై సెప్టెంబరుకు సర్దుకునేది నైరుతి వాన. ఆ నెలల్లో తిరుపతిలో ఎక్కువగా సాయంత్రం పూట ఉరిమి, ఒక గంట కురిసి పోతుంది. వంకల్ని, అంటే కొండవాగుల్ని, పొంగించేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనం, దానికి తోడు బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలు. 2021 నవంబరు వానకే, తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. మరమ్మతులయ్యి మళ్ళీ తెరిచింది 2022 మే 5న. ఆ వాన వారం మా వీధిలో మోకాలి లోతు నీళ్ళలో పాల ప్యాకెట్ల కోసం నడిచింది నేనే. అంతా తెలిసి కూడా "అవున్రా, తగ్గినట్టే ఉన్నాయి" అన్నాను.

వాడు అప్పటికే ఒక ట్రెక్ బుక్ చేసి పెట్టాడు. శేషాచలం అడవిలో రెండు రోజులు, మనిషికి 2,400. అందులోనే అడవి అనుమతి, గైడ్, టెంట్, మూడు పూటల భోజనం. నడిపేది తిరుపతి మనిషే. నేనూ ఒకసారి మాట్లాడాను. "సార్, నవంబరే బెస్ట్ సీజన్. జలపాతాలు ఫుల్లుగా ఉంటాయి" అన్నాడు. అబద్ధమేమీ కాదు. జలపాతం ఫుల్లుగా ఉందంటే దారిలో వంక కూడా ఫుల్లుగానే ఉంటుంది. అది మాత్రం మనం అడిగితే తప్ప చెప్పరు.

వెళ్ళింది నలుగురం. నేను, బావమరిది, వాడి ఆఫీసు స్నేహితుడు ఒకతను, మా మామ. మామ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, అరవై మూడేళ్ళు. "ఇంట్లో కూర్చుని ఏం చేసేది, నేనూ వస్తా" అని రబ్బరు చెప్పులతోనే బయలుదేరారు. స్నేహితుడు మాత్రం 5,200 పెట్టి కొత్త బూట్లు కొనుక్కొచ్చాడు. కారు దిగినప్పటి నుంచి ఆ బూట్లకు బురద అంటకుండా నడవడమే అతని పని అయిపోయింది.

భాకరాపేట ఘాట్ దాటేసరికి సాయంత్రం నాలుగు. మబ్బు కొండ నడుముకు దిగి ఉంది. మామ అద్దం దించి ఒకసారి వాసన చూసి, ఏమీ అనకుండా మళ్ళీ ఎక్కించేశారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఇక బస గురించి చెప్పాలి. "అడవి అంచున క్యాంప్" అన్నది ఒక మామిడి తోట. టెంట్లేవీ అంటే, వాన కదా సార్, షెడ్డులో పడుకుందురుగానీ అన్నారు. తోతాపురి కాయలు వచ్చినప్పుడు క్రేట్లు పేర్చుకునే రేకుల షెడ్డు అది. మూడు వైపులే గోడ. నాలుగో వైపు టార్పాలిన్ కట్టారు, అది గాలికి రాత్రంతా ఎవరో చెంప మీద కొడుతున్నట్టు టపటపలాడింది. ఆరు పరుపులు వేశారు. అందులో రెండు పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. మిగిలిన నాలుగింటి కోసం మాకూ, చెన్నై నుంచి వచ్చిన ఒక జంటకూ మధ్య మర్యాదపూర్వకమైన పోటీ జరిగింది. ఆ అమ్మాయి ముఖం చూసి రెండు పొడి పరుపులు వాళ్ళకే ఇచ్చేశాం. మిగిలిన రెంటి మీద నలుగురం అడ్డంగా పడుకున్నాం. మరుగుదొడ్డి ఒకటే, తలుపుకు గడియ లేదు, లోపలి వాళ్ళు పాట పాడుతూ ఉండాలి. రాత్రి భోజనం టమాట అన్నం, నీళ్ళ పెరుగు. అది ఏడింటికే చల్లారిపోయింది. ఛార్జింగు పాయింటు వాడుకుంటే ఫోనుకు 20 రూపాయలన్నాడు అక్కడి కుర్రాడు. అప్పటిదాకా ఓపిక పట్టిన బావమరిది ఆ ఇరవై రూపాయల దగ్గర పేలాడు. అర్ధరాత్రి రెండింటికి వాన మొదలైంది. రేకుల మీద వాన అంటే తెలుసు కదా, పక్కమనిషి తుమ్మినా వినపడదు.

పొద్దున్నే గైడ్ వచ్చాడు. పట్టుమని ఇరవై ఏళ్ళు లేవు. పాపం వాడిది తప్పు కాదు, రోజుకు 500 కూలికి వచ్చినవాడు. "అనుమతి కాగితం ఏదబ్బా?" అని అడిగాను. "కాగితం ఎందుకన్నా, మనం చెక్‌పోస్టు వైపు పోము, ఈ పక్క నుంచి పోతాం" అన్నాడు. మా నలుగురికీ ఒకేసారి నోరు పడిపోయింది. శేషాచలం అంటే ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా లోపల కనబడితే నువ్వు యాత్రికుడివా, దుంగలు మోసేవాడివా అని అడవిలో నిలబెట్టి అడుగుతారు. వెనక్కి పోదామన్నాను. ఇంతదూరం వచ్చి, డబ్బు కట్టి, ఒక్క జలపాతమన్నా చూడకుండానా అన్నాడు బావమరిది. నేను మళ్ళీ మొహమాటపడ్డాను. అది రెండోసారి.

దారి సంగతి. ఈ కొండల్లో రాయి ఎక్కువగా క్వార్ట్‌జైట్. ఎండి ఉన్నప్పుడు కాలు బాగా నిలుస్తుంది. నాలుగు రోజులు తడిసిందంటే మాత్రం పైన సన్నటి నల్ల పాచి పడుతుంది, చూపుకు ఆనదు, కాలు పెట్టాకే తెలుస్తుంది. గంట నడకలో నేను రెండుసార్లు పడ్డాను, బావమరిది నాలుగుసార్లు. 5,200 బూట్లతనే అందరికంటే ఘోరంగా పడ్డాడు. ఆ బూట్ల అడుగు అట్ట గట్టిగా, నున్నగా ఉంది, తడిరాతి మీద సబ్బుబిళ్ళే. మామ చెప్పులు తీసి చేతిలో పట్టుకుని వట్టికాళ్ళతో నడిచారు. ఒక చెప్పు తాడు అప్పటికే తెగింది.

తర్వాత వంక వచ్చింది. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, దాటలేనంత ఏమీ కాదు. గైడ్ దాటేసి అవతల నిలబడ్డాడు. మామ మాత్రం ఒడ్డున కూర్చుండిపోయారు.

"నీళ్ళ రంగు చూడండప్పా. ఇందాక తేటగా ఉండె, ఇప్పుడు ఎర్రగా తిరిగింది. పైన యాడనో కురస్తాంది. నేను దాటను, మిమ్మల్నీ దాటనియ్యను."

బావమరిది ఏదో అనబోయాడు. తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు. మామ గైడ్‌ని కూడా ఇవతలికి పిలిచేశారు. వాడు వచ్చాక బిస్కెట్లు తింటూ అక్కడే ఇరవై నిమిషాలు కూర్చున్నాం. గైడ్ కాలు మోపి దాటిన బండ మునిగిపోయింది. ఇంకాసేపటికి ఒక ఎండుమాను నిలువునా కొట్టుకొచ్చి, మేము దాటాలనుకున్న చోటే రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. ఎవరం మాట్లాడలేదు. దాటి ఉంటే అవతలి గట్టున చిక్కుకుపోయేవాళ్ళం, ఎన్ని గంటలో తెలీదు. ఈ కొండల్లో మన నెత్తిన వాన లేకపోయినా వంక వస్తుంది, అది గుర్తుపెట్టుకోండి.

తిరిగి వస్తుంటే అటవీశాఖ మనిషి ఒకాయన ఎదురయ్యాడు. గట్టిగానే తిట్టాడు. ఆధార్ కార్డులు చూశాడు, సంచులు విప్పించాడు, కాగితం మీద రాయించుకుని సంతకాలు పెట్టించాడు. "చదువుకున్నవాళ్ళు మీరు" అని మూడుసార్లు అన్నాడు. ఒక్క రూపాయి అడగలేదు. అతని మీద నాకు కోపం లేదు. ట్రెక్కు మనిషి నిజంగా అనుమతి అడిగి ఉంటే అటవీశాఖ వాళ్ళే మమ్మల్ని ఆ వానలో లోపలికి పంపేవాళ్ళు కాదు.

తడిసి, బురదకొట్టుకుని, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ రోడ్డు మీదికి వచ్చాం. కారు ఇంకా రాలేదు. ఒక ఇంటి ముందర కొట్టాం వేసుకుని ఒక పెద్దావిడ కట్టెల పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. హోటలు అని బోర్డు కూడా లేదు. "అన్నం దొరుకుతుందా అమ్మా?" అంటే, "అన్నం లేదు నాయనా, సంగటి ఉండాది, తింటారా?" అంది. తినకేం! పొగలు కక్కే రాగి ముద్ద, పులగూర, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), పచ్చి ఎర్రగడ్డ (ఉల్లిపాయ). అడిగితే నాటుకోడి పులుసు ఒక గిన్నెడు ఇంట్లోంచి తెచ్చింది, వాళ్ళ కోసం వండుకున్నదే. ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుని తింటుంటే, బయట వాన పెద్దదవుతుంటే, పొద్దున్నుంచి మాట్లాడని బావమరిది "బావా, ఇది ప్యాకేజీలో ఎందుకు పెట్టరు?" అన్నాడు. అక్కడ నవ్వాం మొదటిసారి. స్నేహితుడు వరంగల్లు మనిషి, ఊరిబిండి ఎప్పుడూ తినలేదట. మూడుసార్లు వేయించుకున్నాడు. నలుగురికీ కలిపి 340 రూపాయలు అంది. 500 ఇస్తే మిగతా లెక్కపెట్టి చేతిలో పెట్టింది, వద్దంటే కోప్పడింది.

డబ్బు వాపసు కోసం పదకొండుసార్లు ఫోను చేశాను. మొదట "వాన ప్రకృతి సార్, మా చేతుల్లో లేదు". తర్వాత "మీరే మధ్యలో వచ్చేశారు కదా". అనుమతి కాగితం నకలు పంపమని అడిగాక గొంతు మారింది. 1,500 పంపాడు. మిగతా 8,100 ఇప్పటికీ రాలేదు. ఆ పదిహేను వందలూ మామకే ఇచ్చేశాం. 1,350కి గాంధీ రోడ్డులో బూట్లు కొనుక్కున్నారు. కింద రబ్బరు మెత్తగా, గాట్లు లోతుగా ఉన్నవి ఏరి ఏరి తీసుకున్నారు. అంగడతను ముందు తెల్ల బూట్లు చూపిస్తే, నాకు ఆఫీసు లేదప్పా అన్నారు.

ఆ బూట్లు మొదటిసారి కొండెక్కింది ఫాల్గుణ పౌర్ణమికి, తుంబురు తీర్థ ముక్కోటికి. ముక్కోటి అంటే ఏడాదికోసారి జనం ఆ తీర్థానికి స్నానానికి వెళ్ళే పండుగ. నేనూ మామా ఇద్దరమే. మామూలు రోజుల్లో ఆ కోనకు పోనివ్వరు, ముక్కోటికే వదులుతారు. తిరుమల నుంచి పాపవినాశనం దాకా బస్సు, అక్కడి నుంచి నడక. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు రావద్దని దేవస్థానం వాళ్ళు ముందే చెబుతారు. మామకు బీపీ ఉంది. ఆ సంగతి నాకు సగం దారిలో చెప్పారు, మాత్ర వేసుకుంటూ.

ఈ నడకలో కష్టం వేరే రకం. వంకలు సన్నబడి ఉంటాయి, రాయి పొడిగా ఉంటుంది, కానీ దారి నిండా ఎండుటాకు. ఆకు కింద గులకరాళ్ళు. దిగుడులో జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కర్ర తప్పనిసరి. "చలి శివరాత్రికి శివశివా అని పోతుంది" అంటారు కదా, నిజంగానే పోయింది, పది గంటలకే వీపు కాలింది. తెల్లవారుతూనే బయలుదేరినవాళ్ళు హాయిగా వెళ్ళారు. తొమ్మిదికి మొదలుపెట్టినవాళ్ళు చెట్టుకొకరు కూలబడి కనిపించారు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు చాలవు, మూడు తీసుకోండి. నేను రెండే తీసుకెళ్ళి మామ సీసా అడుక్కున్నాను.

కోన మాత్రం ఏ ప్యాకేజీలోనూ దొరకదు. కొండ నిలువునా రెండుగా చీలినట్టుంటుంది. ఆ చీలికలో నీళ్ళు. అటూ ఇటూ గోడల్లా రాళ్ళు లేచి ఉంటాయి, ఎండ లోపలికి దిగదు. బయట చెమటలు కారుతున్నవాణ్ణి లోపల వణికాను. పద్దెనిమిదో శతాబ్దంలో భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ కోనలోనే తపస్సు చేసిందని చెబుతారు. మామ ఆమె పాటలు నాలుగు ముక్కలు పాడి, "ఒంటరి ఆడమనిషి, అప్పట్లో ఈ దారిన ఎట్లా వచ్చిందో" అని చాలాసేపు ఆ రాళ్ళనే చూస్తూ కూర్చున్నారు. తిరిగొచ్చాక పాపవినాశనం దగ్గర పులిహోర, మజ్జిగ పెట్టారు. మజ్జిగ నాలుగు గ్లాసులు తాగాను. ఇద్దరికీ కలిపి ఆ రోజు ఖర్చు 610, అందులో 180 నా మోకాలి బ్యాండుకే.

అందుకని బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: సంక్రాంతి అయ్యాక రండి. వీలైతే సంక్రాంతి తర్వాత వచ్చే పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి చూసుకోండి, చలి ఉంటుంది, ఎండ కొట్టదు. ఏప్రిల్, మేలో అడవి జోలికి పోవద్దు, కొండల్లో మంటలు లేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నడవాలనే ఉంటే తిరుమలకు ఎక్కే అలిపిరి మెట్లే మేలు. 3,550 మెట్లు, పైన కప్పు ఉంది. గాలిగోపురం దాకా పిక్కలు పట్టేస్తాయి, తర్వాత చాలాదూరం చదునుగా పోయి చివర్లో మోకాళ్ళ మెట్టు మళ్ళీ ఏడిపిస్తుంది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే, తొందరగా అయిపోతుంది. కానీ వాయుగుండం అని వార్తల్లో వినబడితే అటు పోకండి. చిన్నపిల్లలుంటే ఏ దారైనా పొద్దున్నే ఎక్కేయండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతకు ఆరేళ్ళ పాప బలైంది. ఆ తర్వాత చిన్నపిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక పంపలేదు.

మొన్న అక్టోబరు మొదటి వారంలో ఆ ట్రెక్కు మనిషి నుంచి మళ్ళీ మెసేజ్ వచ్చింది. వానలు తగ్గాయట, నవంబరు బ్యాచ్‌లో ఆరు సీట్లే మిగిలాయట, పాత కస్టమర్లకు మనిషికి 300 తగ్గింపట. మామకు చదివి వినిపించాను. వరండాలో కూర్చుని బూట్లకు దారాలు ఎక్కించుకుంటున్నారు, తల కూడా ఎత్తలేదు.

"మనకు బాకీ ఎనిమిది వేల నూరు ఉండాది కదా, అందులో పట్టుకోమను" అన్నారు.