డీ అండ్ డీ 5, పాత్‌ఫైండర్ 2, డంజియన్ వరల్డ్: మన టేబుల్‌కు ఏది మేలు?

కర్నూల్లో కొత్తగా టేబుల్‌టాప్ ఆర్‌పీజీ (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్రగా పాచికలతో కథ నడిపే ఆట) మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్ళు ముందుగా అడిగేది "ఏది ఈజీ అన్నా?" అనే. నేను మాత్రం ఆ కష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోమంటాను. రూల్స్ తగ్గితే ఆ లోటును ఎవరో ఒకరు పూడ్చాలి కదా, చాలాసార్లు ఆ పని ఆట నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) మీదే పడుతుంది.

బ్యాలెన్స్ (పాత్రల మధ్య తూకం) అంటే అందరికీ సమాన బలం అని కూడా అనుకోవద్దు. మన పులిజూదంలో పులులు మూడే, మేకలు పదిహేను, ఎత్తులూ వేరు, అయినా రెండువైపులా గెలిచే దారి ఉంది. ఆర్‌పీజీలోనూ అంతే, ప్రతి పాత్రకూ తన వంతు రాగానే చేయడానికి పనికొచ్చే పని ఒకటి ఉండాలి.

డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, 2024లో సవరించారు. ఆడేవాళ్ళకు ఇది నిజంగా సుళువు. పరిస్థితి మీకు అనుకూలంగా ఉంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటారు, ప్లస్సులూ మైనస్సులూ కూడుకుంటూ కూర్చోనక్కర్లేదు. రూల్స్ పుస్తకం ముట్టని మనిషి కూడా పావుగంటలో ఆటలో పడిపోతాడు. చిక్కంతా డీఎంకే. 2014 డీఎం పుస్తకం లెక్కలో ఒక పార్టీ (ఆటగాళ్ళ పాత్రల గుంపు) కథలోని ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది మోస్తరు లేదా గట్టి పోరాటాలు తట్టుకోగలదు, స్పెల్స్ (మంత్రాలు) ఎన్ని ఇవ్వాలి, ఫైటర్ (కత్తి పట్టే యోధుడు) ఎంతసేపు నిలబడాలి అన్నదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. మనం ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే ఒకటో రెండో ఫైట్లు అవుతాయి, ఈలోగా ఎవరికో ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. కథలో అందరూ ఎనిమిది గంటలు పడుకుని లేస్తారు, విజార్డ్ (మాంత్రికుడు) స్పెల్స్ అన్నీ మళ్ళీ నిండిపోతాయి. ఐదో లెవెల్ విజార్డ్ ఫైర్‌బాల్ స్పెల్ వేస్తే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటున 28 దెబ్బ, అదీ ఆ పరిధిలో ఉన్న అందరికీ. రోజుకు ఒకటే ఫైట్ అయితే దాచుకోవడం ఎందుకు, మొదటి రౌండ్‌లోనే వేసేస్తాడు. పక్కన కత్తి పట్టుకున్న తమ్ముడు "నాకేం మిగిలిందన్నా?" అంటే డీఎం దగ్గర జవాబుండదు. వార్‌లాక్ (ఇంకో రకం మాంత్రికుడు) ఆడేవాళ్ళ బాధ ఇంకోటి, వాళ్ళ స్పెల్స్ గంట విశ్రాంతి తీసుకున్నప్పుడల్లా తిరిగొచ్చేలా పెట్టారు, ఒకే ఫైట్ ఉన్న రోజున ఆ లాభం దక్కదు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (2019) సరిగ్గా ఇక్కడే గెలుస్తుందని నా నమ్మకం. దీని మొదటి ఎడిషన్ 2009లో డీ అండ్ డీ పాత ఎడిషన్ 3.5 ఆధారంగా పుట్టింది, లెవెల్స్ పెరిగేకొద్దీ విజార్డ్ ముందు ఫైటర్ చిన్నబోయే జబ్బు కూడా అక్కడి నుంచే అంటుకుంది. రెండో ఎడిషన్‌లో ఆ లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి కట్టారు. ఒక్కో వంతుకు మూడు యాక్షన్లు. మూడింటితోనూ కొట్టవచ్చు, కానీ పాచిక అంకెలోంచి రెండో దెబ్బకు మామూలుగా 5, మూడోదానికి 10 తగ్గుతుంది. అందుకని మూడో యాక్షన్‌తో డాలు ఎత్తడమో, శత్రువును బెదిరించడమో, పక్కకు జరగడమో నేర్చుకుంటారు. కావలసిన అంకె కంటే 10 గానీ అంతకు మించి గానీ ఎక్కువ వేస్తే క్రిటికల్ (మామూలు కంటే పెద్ద గెలుపు) కాబట్టి మిత్రుడు ఇచ్చే చిన్న +1 కూడా లెక్కలోకి వస్తుంది, మన టేబుల్ మీద జనం ఒకరి వంతు ఒకరు శ్రద్ధగా చూసేది అందుకే. డీఎంకైతే వరమే, శత్రువుల బలాన్ని పాయింట్లలో కొలిచి ఫైట్ కట్టవచ్చు. నలుగురు ఆటగాళ్ళకు 80 పాయింట్లంటే మోస్తరు ఫైట్, 120 అంటే గట్టిది, 160 అంటే ప్రాణాలమీదికి వచ్చేది. పార్టీ కంటే రెండు లెవెల్స్ పైనున్న ఒక్క రాక్షసుడు 80. బెలుం గుహల లాంటి ఇరుకు దారుల్లో కథ పెట్టుకుని ఈ లెక్క ప్రకారం ఫైట్ కడితే, దాదాపు అనుకున్నట్టే నడుస్తుంది.

దీనికి కట్టే మూల్యం చదువు. లెవెల్ పెరిగినప్పుడల్లా ఏదో ఒక ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఎంచుకోవాలి, ఫైట్‌లో ఎవరికి ఏ కండిషన్ (భయం లాంటి స్థితి) ఉందో గుర్తుపెట్టుకోవాలి, మొదట్లో ఆట బాగా నెమ్మదిస్తుంది. రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో చట్టబద్ధంగా ఉచితంగా ఉన్నాయి, పుస్తకాల ఖర్చు తప్పుతుంది, కానీ అంతా ఇంగ్లీషే. ఇంగ్లీషు చదవడం ఇబ్బందైన వాళ్ళు ఒకరిద్దరుంటే పక్కన కూర్చుని తెలుగులో చెప్పే ఓపిక మిగతావాళ్ళకు ఉండాలి.

డంజియన్ వరల్డ్ (2012) దారి పూర్తిగా వేరు. ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు, మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే పని అయినట్టే, 7 నుంచి 9 అయితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి ఇచ్చుకోవాలి, 6 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే తర్వాత ఏం జరగాలో డీఎం చేతిలో. ఏ బోనసూ లేకపోతే పూర్తిగా నెగ్గేది ఆరింట ఒక్కసారే, అందుకే కథ ఎప్పుడూ మెలికలు తిరుగుతుంటుంది. పోరాటాల తూకానికి లెక్కలేమీ ఇవ్వదు. మాటకారులు నలుగురు కూడితే అద్భుతంగా ఉంటుంది, తెలుగులో ఆడటానికి మూడింట్లో ఇదే హాయి. కాకపోతే ప్రతి 7కూ 8కీ కొత్త చిక్కు కల్పించాల్సింది డీఎంయే, రెండు గంటలయ్యేసరికి బుర్ర వేడెక్కిపోతుంది.

నెలల తరబడి సాగే క్యాంపెయిన్‌కు, కనీసం ఇద్దరు రూల్స్ చదివేవాళ్ళుంటే, నా ఓటు పాత్‌ఫైండర్ 2కే. ఒక్కపూట సరదాకు డంజియన్ వరల్డ్. చదివేది డీఎం ఒక్కడే అయితే డీ అండ్ డీ 5 తీసుకోండి, కానీ ఆదివారం ముగిసిందని కథలో కూడా తెల్లారిపోనివ్వకండి, గుహలోని అదే రోజును రెండు మూడు వారాలు నడిపించండి, మధ్యలో గంట విశ్రాంతులు ఇస్తూ ఉండండి.